ఆటలన్నీ గుండెకు ఒకటి కావు

ఛత్తీస్‌గఢ్‌లో 2024లో తొలిసారి ‘బస్తర్ ఒలింపిక్స్’ జరిగాయి. బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల యువత వీటిలో పాల్గొన్నారు. తెలంగాణ సరిహద్దున ఉన్న సుక్మా, బీజాపూర్ కూడా ఆ జిల్లాల్లోనివే. విలువిద్య, పరుగు, హాకీ, వెయిట్‌లిఫ్టింగ్, కబడ్డీ, ఖోఖో, తాడులాగుడు వంటి పోటీలు పెట్టారు. వీటన్నిటినీ మనం ‘క్రీడలు’ అనే ఒక్క మాటతో పిలుస్తాం. అయితే గుండె లోపం ఉన్న విద్యార్థి “నేను ఆడవచ్చా?” అని అడిగితే, వైద్యులు ముందుగా “ఏ ఆట?” అని అడగాలి. అందుకే వ్యాయామ శాస్త్రంలో క్రీడల వర్గీకరణ అవసరమైంది.

రెండు రకాల శ్రమ

పరిగెత్తేటప్పుడు కాళ్ల కండరాలు మార్చి మార్చి ముడుచుకుంటూ, సాగుతూ ఉంటాయి. వాటికి ఆక్సిజన్ ఎక్కువగా కావాలి కాబట్టి గుండె ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. ఇది చలన శ్రమ.

వింటినారిని లాగి పట్టుకున్నప్పుడు కండరం బిగుస్తుంది కానీ పెద్దగా కదలదు. బిగిసిన కండరం రక్తనాళాలను నొక్కుతుంది, రక్తపోటు పెరుగుతుంది. ఇది స్థిర శ్రమ. చలన శ్రమలో గుండెపై ప్రధానంగా రక్త పరిమాణపు భారం, స్థిర శ్రమలో పీడన భారం పడతాయి.

తొమ్మిది గళ్ల పట్టిక

అమెరికా వైద్యుడు జెరె మిచెల్, ఆయన సహచరులు ఈ ఆధారంతో 1985లో క్రీడలను వర్గీకరించారు. 1994, 2005లలో దాన్ని సవరించారు. 2005 పట్టికలో రెండు శ్రమలనూ స్వల్ప, మధ్యస్థ, అధిక స్థాయిలుగా విభజించడంతో తొమ్మిది గళ్లు ఏర్పడ్డాయి. ఆటగాడి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగ సామర్థ్యంలో 40 శాతం లోపు వాడితే చలన శ్రమ స్వల్పం, 70 శాతం దాటితే అధికం. కండరపు గరిష్ఠ బలంలో 20 శాతం లోపు వాడితే స్థిర శ్రమ స్వల్పం, 50 శాతం దాటితే అధికం.

• విలువిద్య: స్థిర శ్రమ మధ్యస్థం, చలన శ్రమ స్వల్పం.
• ఫుట్‌బాల్, హాకీ, దూరపు పరుగు: స్థిర శ్రమ స్వల్పం, చలన శ్రమ అధికం.
• తక్కువ దూరపు వేగ పరుగు: రెండూ మధ్యస్థం.
• వెయిట్‌లిఫ్టింగ్, యుద్ధకళలు: స్థిర శ్రమ అధికం, చలన శ్రమ స్వల్పం.

దూరం మారితే పరుగు గడి కూడా మారింది. అంటే ఆట పేరు ఒక్కటే చాలదు.

మన ఆటల గడి ఏది?

ఆ పట్టికలో కబడ్డీ, ఖోఖో లేవు. నారాయణపూర్ పిల్లలు పేరు తెచ్చిన మల్లఖంబ్ కూడా లేదు. మల్లఖంబ్‌ను జిమ్నాస్టిక్స్‌తో పోల్చవచ్చు. కబడ్డీ విషయం అంత సులువు కాదు. కూతకు వెళ్లిన ఆటగాడికి 30 సెకన్ల సమయం ఉంటుంది. పరుగు, దూకుడు, పట్టుబడితే గీత వైపు పెనుగులాట, అన్నీ ఆ వ్యవధిలోనే. రెండు శ్రమలూ కలిసే ఇలాంటి ఆటకు ఊహతో గడి కేటాయించలేం. ఆడుతున్నప్పుడే గుండె వేగాన్ని, ఆక్సిజన్ వినియోగాన్ని కొలవాలి.

పట్టికకూ పరిమితులున్నాయి. అది పోటీలో పడే శ్రమను చెబుతుంది. సాధనలో శ్రమ అంతకంటే ఎక్కువ కావచ్చు. ఎండ తీవ్రత, ఆటగాడి ఒత్తిడి కూడా భారాన్ని పెంచుతాయి. 2020 నాటి ఐరోపా మార్గదర్శకాలు క్రీడలను నైపుణ్య, శక్తి, మిశ్రమ, ఓర్పు అనే నాలుగు రకాలుగా చూపుతూ, ఆడే తీవ్రతనూ లెక్కలోకి తీసుకోమంటాయి.

సరైన వర్గీకరణ ఉంటే, గుండె లోపం ఉన్న పిల్లవాణ్ణి అన్ని ఆటలకూ దూరం చేయనక్కరలేదు. ప్రమాదకరమైన ఆటలోకి తెలియక పంపే పరిస్థితీ తగ్గుతుంది. ఆడేటప్పుడు ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, అసాధారణ ఆయాసం కనిపిస్తే మాత్రం ఏ ఆటైనా వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి.