అటక మీది సీడీలు - మన బాధ్యత

దేవుడు ప్రసాదించిన వరానుగ్రహాలను గురించి ప్రళయ దినాన తప్పకుండా ప్రశ్నించటం జరుగుతుందని దివ్యఖుర్‌ఆన్‌లోని 'తకాసుర్' సూరా చివరి ఆయతు మనల్ని హెచ్చరిస్తోంది. వరానుగ్రహం అనగానే మనకు అన్నం, నీరు, ఆరోగ్యం గుర్తుకొస్తాయి. అటక మీద అట్టపెట్టెలో దుమ్ము పట్టిన సీడీలు గుర్తుకు రావు. కాని వాటిని కొన్నదీ మన సొమ్ముతోనే కదా! వాటిలో ఉన్నది ధర్మజ్ఞానం కావచ్చు, వినోదం కావచ్చు, చనిపోయిన పెద్దల కంఠస్వరం కావచ్చు. సొమ్మును ఎలా సంపాదించావు, దేనికి ఖర్చు చేశావు, నేర్చుకున్న జ్ఞానాన్ని ఎంతవరకు ఆచరించావు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పనిదే దాసుని పాదాలు కదలవని దైవప్రవక్త (స) తెలిపారు (తిర్మిజీ).

సీడీ 1982లో జపాన్‌లో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. 2000వ దశకం నాటికి పెదపాడు, ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఊళ్ళలో కూడా సీడీ ప్లేయర్లు ఎన్నో ఇళ్ళకు చేరాయి. ఉర్దూ చదవటం రాని తెలుగు ముస్లిం కుటుంబాలకు తెలుగు ప్రసంగాల సీడీలు బాగా ఉపయోగపడ్డాయి. ఇప్పుడు ప్లేయర్లు మూలపడ్డాయి, సీడీలు మిగిలాయి. వాటిని పారేయాలా, దాచాలా, ఎవరికైనా ఇవ్వాలా? ఈ విషయంలో ఒక్కొక్క సీడీని చేతిలోకి తీసుకుని కొన్ని విషయాలు ఆలోచించాలి.

యజమాని ఎవరు?

అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని 'నిసా' సూరా 58వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. పెట్టెలో పక్కింటివారి దగ్గర అడిగి తెచ్చినవి ఉండవచ్చు. మస్జిదు గ్రంథాలయం నుంచి తెచ్చినవి ఉండవచ్చు. ఇరవై ఏళ్ళు గడిచినంత మాత్రాన అవి మనవైపోవు. వెతికి తిరిగి ఇవ్వాలి. చనిపోయిన తండ్రిగారి సీడీలైతే అవి వారసులందరి సొత్తు. ఇంట్లో ఉన్న కొడుకు ఒక్కడే నిర్ణయం తీసుకోరాదు. అత్తవారింట ఉన్న ఆడపడుచులను కూడా అడగాలి. నాన్నగారి ఖిరాఅత్, నికాహ్‌నాడు ఆయన చేసిన దుఆ ఉన్న సీడీని ముక్కలు చేసి పంచలేము. కాని నకళ్ళు తీసి అందరికీ ఇవ్వగలం.

జ్ఞానాన్ని కాపాడండి

యమామా యుద్ధంలో అనేకమంది ఖుర్‌ఆన్ కంఠస్థులు అమరులయ్యాక హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆదేశంపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఖర్జూరపు మట్టల నుంచి, పలుచని రాళ్ళ నుంచి, ప్రజల హృదయాల నుంచి దివ్యవాణిని ఒకచోట చేర్చారు (బుఖారీ). మన ప్రసంగాల సీడీలను దివ్యవాణితో పోల్చలేము. అయినా ఆ సంఘటనలో మనకు ఒక పాఠం ఉంది. జ్ఞానాన్ని మోసే వస్తువు శిథిలమవుతుంది. అది శిథిలం కాకముందే జ్ఞానాన్ని మరోచోటికి చేర్చాలి.

సీడీ 1.2 మిల్లీమీటర్ల మందం గల ప్లాస్టిక్ బిళ్ళ. మెరిసే పలుచని లోహపు పొర దాని పైభాగాన, పేరు రాసే వైపే ఉంటుంది. అందుకే కింది వైపు గీతల కన్నా పై వైపు గీతలు ఎక్కువ ప్రమాదకరం. బాల్‌పెన్నుతో గట్టిగా రాయకండి. తుడిచేటప్పుడు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పకండి. ఇంట్లో, స్టూడియోలో రాయించిన సీడీలు కంపెనీ సీడీల కన్నా ముందే పాడవుతాయి. వాటిని మొదట నకలు తీయండి. కంప్యూటర్‌కు బయటి నుంచి తగిలించే డీవీడీ డ్రైవ్ ఉంటే చాలు. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 700 ఎంబీ సీడీలు 40కి పైగా పడతాయి. నకలు రెండు చోట్ల ఉంచండి. ప్రసంగించినవారి పేరు, సంవత్సరం రాసి పెట్టండి.

మనిషి మరణించాక కూడా ఆగని మూడు పుణ్యాలలో ఇతరులకు ప్రయోజనం కలిగించే జ్ఞానం ఒకటని దైవప్రవక్త (స) చెప్పారు (ముస్లిం). అటక మీద పాడైపోయే ప్రసంగం ఎవరికి ప్రయోజనం?

ఇతరుల హక్కు

అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమై, రచయితల హక్కులు, ఆవిష్కర్తల హక్కులు షరీఅత్ రక్షణ గల హక్కులేననీ, వాటిని అతిక్రమించరాదనీ తీర్మానించింది. కొన్న సీడీని మన ఇంటి కోసం నకలు తీసుకోవటం వేరు, నకళ్ళు చేసి అమ్ముకోవటం వేరు. నకలు మన దగ్గర ఉంచుకుని అసలును అమ్మటం కూడా న్యాయం కాదు. ఉచితంగా పంచవచ్చని అట్ట మీద అనుమతి ముద్రించిన ధర్మప్రచార సీడీలను మాత్రం నిస్సంకోచంగా పంచండి.

చెడును చేరవేయకండి

అశ్లీలమైనవి ఉంటే అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి, పాతసామాన్ల వ్యాపారికి కూడా వేయకండి. చెడుకు దారి చూపినవానిపై, ఆ దారిన నడిచినవారి పాపభారం కూడా పడుతుందని హదీసు హెచ్చరిస్తోంది (ముస్లిం). అలాంటి సీడీని గుడ్డలో చుట్టి విరిచేయండి. గుడ్డ లేకుండా విరిస్తే పెంకులు కంట్లో పడే ప్రమాదం ఉంది.

మిగిలినవి ఏం చేయాలి?

పాడైన ఖుర్‌ఆన్ సీడీ ముస్‌హఫ్ కాదు. దాని మీద అక్షరాలు కంటికి కనబడవు కనుక వుజూ లేకుండా తాకవచ్చని పలువురు పండితులు చెప్పారు. అయినా దాన్ని చెత్తకుప్ప మీద వేయటం మనసుకు నచ్చే పని కాదు. ఆయతులు, అల్లాహ్ నామం ముద్రించిన కాగితపు అట్టలను వేరుచేసి కాళ్ళ కింద పడని శుభ్రమైన చోట పాతిపెట్టండి.

సీడీలను మంటలో వేయకండి. ఆ పొగ పసిపిల్లలకూ పెద్దలకూ హానికరం. కాలువలో వేయకండి. మన వైపు కాలువల నీరు చాలావరకు కొల్లేరు చేరుతుంది. 1999లో పక్షుల అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించటం కూడా విశ్వాసంలో భాగమని నేర్చుకున్న మనం నీటిలో ప్లాస్టిక్ వేయటం ఎలా సమంజసం? వినోదపు సీడీలు పాడైతే చేలో దారానికి కట్టి పిట్టలను బెదరగొట్టడానికి వాడుకోవచ్చు. పాత ప్లేయర్లను ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించండి.

ఒక సెలవు రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ పెట్టెను దించండి. తిరిగి ఇవ్వవలసినవి, నకలు తీయవలసినవి, పంచవలసినవి, విరిచేయవలసినవి వేరు చేయండి. మనం వెళ్ళిపోయాక మన పిల్లలు ఆ పెట్టె తెరిచినప్పుడు అందులో వారికి మేలే దొరకాలి.

తానిచ్చిన వరాలను సద్వినియోగం చేసుకునే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.