నెట్‌వర్క్ కార్డు పలకనప్పుడు: లినక్స్ ఉద్యోగార్థులకు తొలి పరీక్ష

డెస్క్‌టాప్‌లో లినక్స్ ఎక్కించగానే ఇంటర్నెట్ రాకపోతే చాలామంది విద్యార్థులు మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి పూనుకుంటారు. సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాలు ఆశించేవారు ముందుగా మానుకోవలసిన అలవాటు ఇదే. లోపం హార్డ్‌వేర్‌లో ఉందా, డ్రైవర్‌లో ఉందా, ఐపీ చిరునామాలో ఉందా అని వరుసగా తేల్చగలగడమే ఆ ఉద్యోగాలకు పునాది. పద్మారావు నగర్ వాసులకు సాధన సామగ్రి సికింద్రాబాద్‌లోనే, పార్క్ లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతుంది కాబట్టి, ఒక పాత డెస్క్‌టాప్, ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ సమకూర్చుకుంటే చాలు.

కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం, కార్డును గుర్తించిందా లేదా అన్నది మొదట చూడాలి. టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ' ఆదేశాన్ని 'ఎన్ఎన్' ఆప్షన్‌తో ఇస్తే ప్రతి పరికరం పక్కన ఒక సంకేతం కనిపిస్తుంది. ఉదాహరణకు 10ఇసి:8168 అని ఉంటే మొదటి భాగం రియల్‌టెక్ సంస్థను, రెండోది చిప్ రకాన్ని తెలుపుతాయి. యూఎస్‌బీ అడాప్టర్లకు 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' వాడాలి. ఒకే మోడల్ పేరుతో అమ్ముడయ్యే అడాప్టర్లలో వెర్షన్ మారితే లోపలి చిప్ కూడా మారిపోవచ్చు కనుక, పెట్టె మీది పేరును కాక ఈ సంకేతాన్నే నమ్మాలి.

కార్డు కనిపించినా పనిచేయకపోతే డ్రైవర్‌నో ఫర్మ్‌వేర్‌నో అనుమానించాలి. ఫర్మ్‌వేర్ అంటే చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్. అనేక వైఫై చిప్‌లకు దీనిని కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవరే అందించాలి. ఇలాంటి ఫర్మ్‌వేర్‌లో చాలా భాగం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కానందున లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ దానిని తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చాలాకాలం చేర్చలేదు. 2022లో సభ్యుల ఓటింగ్‌తో నిర్ణయం మారి, 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. లోటు ఎక్కడుందో 'డీమెసేజ్' (dmesg) ఆదేశం చూపే కెర్నెల్ సందేశాలు చెబుతాయి, కొన్నిసార్లు లేని ఫైలు పేరుతో సహా. ఆ ఫైలు తెచ్చుకోవడానికే నెట్ లేని చిక్కులో ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా దారి దొరుకుతుంది. విడిగా కంపైల్ చేసుకున్న డ్రైవర్ ఎక్కకపోతే, డిజిటల్ సంతకం లేని కెర్నెల్ మాడ్యూళ్లను అడ్డుకునే సెక్యూర్ బూట్‌ను కూడా పరిశీలించాలి.

మిగిలినవి త్వరగా తేలేవే: కేబుల్ పెట్టిన పోర్టు దగ్గర లైటు వెలుగుతోందా, 'ఐపీ అడ్రస్' ఆదేశం చిరునామా చూపుతోందా, 8.8.8.8 అనే ఐపీ చిరునామాకు పింగ్ వెళ్తున్నా వెబ్‌సైట్ పేరుకు వెళ్లడం లేదా అని చూడాలి. చివరిది జరిగితే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ వైపు తిరగాలి.

ఈ సాధన పరీక్షలకూ పనికొస్తుంది. లినక్స్ సంస్థ రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్ష, అంటే ఈఎక్స్200, బహుళైచ్ఛిక ప్రశ్నలతో కాక నడుస్తున్న యంత్రం మీద పని చేయించి, నెట్‌వర్క్ అమరికతో సహా అభ్యర్థిని పరీక్షిస్తుంది. అందుకు సిద్ధమయ్యేవారు ప్రతి లోపానికీ చిప్ సంకేతం, కెర్నెల్ వెర్షన్, కనిపించిన సందేశం, ఫలించిన మార్గం నోటుపుస్తకంలో రాసుకుంటే, ఇంటర్వ్యూలో అడిగే 'నెట్ రాకపోతే ఏం చేస్తారు' అన్న ప్రశ్నకు తాము స్వయంగా చేసిన పనినే జవాబుగా చెప్పగలుగుతారు.