పులి పొడవెంత?

మన భాషలో గోరంతను కొండంత చేయుట యను మాట కలదు. మనుష్యులందఱిలోను ఈ గుణము కొంత యున్నను, లోకము దీనిని వేటగాండ్రకే ప్రత్యేకముగా కట్టబెట్టినది. బ్రదికియుండగా పెరిగినదానికంటె చచ్చినపిమ్మట నెక్కువగా పెరుగు మృగ మేదియన, వేటగాని పులి యనవలెను. తుపాకి దెబ్బకు నేల గూలినపుడు అది తొమ్మిదడుగులు; విడిదికి చేరునప్పటికి పదియడుగులు; పట్టణమున విందులో కథ చెప్పునప్పటికి పండ్రెండడుగులు.

ఇది నవ్వుకొని విడువదగిన విషయముగా తోచవచ్చును. కాని కొలత యనునది శాస్త్రమునకు పునాది. కొలత తప్పినచో దానిపై కట్టిన జ్ఞానమంతయు తప్పును. కావున పులిని కొలుచు పద్ధతు లెవ్వి, ఆ పొడవు ఏయే తావుల పెరుగును, పెంచువా రెవరు, దానివలన కలిగిన నష్ట మేమి యను విషయములను మేమిచ్చట విచారింప నెంచితిమి.

1. మన మండలమున వేట

ఓరుగల్లు సీమ పూర్వము పులులకు ప్రసిద్ధి గాంచినది. కాకతీయుల కాలమున కట్టబడిన పాకాల చెరువు చుట్టునున్న అడవులును, గోదావరి యొడ్డున తాడ్వాయి, ఏటూరునాగారము అడవులును వాటికి నివాసములు. 1902వ సంవత్సరమున వైస్రాయి కర్జన్ ప్రభువు హైదరాబాదు రాజ్యమునకు వచ్చినపుడు, నిజాము ప్రభుత్వమువారు ఆయనకు మన మండలములోని నెక్కొండ సమీపమున పులివేట నేర్పాటు చేసిరి. రాజా దీన్ దయాళ్ అప్పుడు తీసిన ఛాయాచిత్రములు నేటికిని నిలిచియున్నవి. వాటిలో నొకదానియందు కర్జన్ దంపతులును, వారి యెదుట చచ్చిన పులియు కనబడుదురు.

అప్పటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాను (1866–1911) స్వయముగా గొప్ప వేటగాడు. ముప్పదికి మించిన పులులను చంపినందున ప్రజలాయనను తీస్‌మార్‌ఖాన్ అని పిలిచిరని చెప్పుదురు. ఉర్దూలో తీస్ అనగా ముప్పది. అయితే ఉత్తరదేశపు కథ యొకదానిలో ఈ పేరు ముప్పది యీగలను చంపి, ముప్పది పులులను చంపినట్లు లోకమును నమ్మించినవానిది. నేడు మన తెలుగువారి వాడుకలో ఈ బిరుదు వీరునికి గాక, కోతలు కోయువానికే చెల్లుచున్నది. నిజమైన వేటకును వట్టి గొప్పకును ఒకే పేరు కలుగుట చూడగా, ఈ రెంటికిగల చుట్టఱికమును జనులు చక్కగా కనిపెట్టిరని తోచును.

2. కొలుచు విధములు

పులిని కొలుచుటకు ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. మొదటిది మేకుల పద్ధతి. చచ్చిన పులిని చదునైన నేలపై చక్కగా చాచి పరుండబెట్టి, ముక్కు కొనయొద్ద నొక మేకును, తోక యెముక చివరయొద్ద నొక మేకును పాతుదురు. పిమ్మట కళేబరమును తొలగించి, మేకుల నడిమి దూరమును తిన్నగా కొలుతురు. తోక చివరి వెండ్రుకలు లెక్కకు రావు.

రెండవది వంపుల పద్ధతి. ముక్కు కొననుండి టేపును నొసటిమీదుగా, మెడమీదుగా, వెన్నెముక వెంబడి తోక చివరవఱకు అదిమి పట్టి కొలుతురు. తిన్నని గీతకంటె వంకర గీత పొడుగుగా నుండుట రేఖాగణితము చదివిన ప్రతి బాలునికి తెలిసినదే. కావున ఒకే పులి ఈ పద్ధతిచే మూడునుండి ఆరంగుళముల వఱకు ఎక్కువ పొడవు చూపును. అంతేకాదు, టేపును గట్టిగా అదిమినవానికి ఒక యంకెయు, వదులుగా పట్టినవానికి మఱియొక యంకెయు వచ్చును. మేకుల పద్ధతిలో కొలుచువాని యిష్టమునకు చోటు తక్కువ. వంపుల పద్ధతిలో చాల ఎక్కువ.

3. నిజమైన కొలతలు

ఇక పులి నిజముగా నెంత యుండును? మన తెలుగుదేశముతో సంబంధముగల జెర్డన్ అను వైద్యుని మాట మొదట వినదగినది. ఆయన నెల్లూరిలో వైద్యాధికారిగా నుండి, మన పక్షులను మృగములను శ్రద్ధతో పరిశీలించెను. కడప సీమలోని కలివికోడికి ఇంగ్లీషున ఆయన పేరే నిలిచియున్నది. 1867లో ప్రకటించిన తన గ్రంథమున ఆయన, పెరిగిన మగపులి సాధారణముగా తొమ్మిదినుండి తొమ్మిదిన్నర అడుగులుండుననియు, పదియడుగుల రెండుమూడంగుళములకు మించిన పులికి నమ్మదగిన దాఖలా తనకు కనబడలేదనియు వ్రాసెను. పదునొకండు, పండ్రెండు అడుగుల పులుల కథలు ఆయన వినకపోలేదు; వినియు, సాక్ష్యము లేనిదే లెక్కలోనికి తీసికొనలేదు.

తరువాత మధ్యపరగణాలలో అటవీశాఖాధికారిగా నుండిన డన్‌బార్ బ్రాండర్ తాను కొలిచిన పులుల లెక్కను 1923లో ప్రకటించెను. మేకుల పద్ధతిచే 42 మగపులుల సగటు పొడవు 9 అడుగుల 3 అంగుళములు. 39 ఆడపులుల సగటు 8 అడుగుల 3 అంగుళములు. మగపులి పొడవులో సుమారు మూడడుగులు తోకయే యని పాఠకులు గమనింపవలెను. పొడుగు తోకగల చిన్న పులి పొట్టి తోకగల పెద్ద పులిని కాగితముమీద గెలువవచ్చును.

అసాధారణమైన పులులు లేకపోలేదు. జిమ్ కార్బెట్ 1930లో కుమావూను ప్రాంతమున చంపిన పేరుమోసిన పులి 10 అడుగుల 7 అంగుళములు. అయితే అది వంపులమీది కొలత యని ఆయనయే స్పష్టముగా చెప్పెను. పద్ధతిని చెప్పినవాడు తన యంకెను పరీక్షించుటకు మనకు దారి విడిచినవాడు. 1967లో హిందూదేశపు ఉత్తరభాగమున చంపబడి, ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో నున్న పులికి రెండు కొలతలును చెప్పబడినవి: వంపులమీద 338 సెంటీమీటర్లు, మేకుల నడుమ 322 సెంటీమీటర్లు. ఒకే మృగమునకు పదునాఱు సెంటీమీటర్ల భేదము! దాని బరువు 857 పౌనులని ప్రసిద్ధి. కాని అది క్రిందటి రాత్రి దున్నను చంపి కడుపునిండ తినియుండెను. ఆ బరువులో పులి యెంత, దున్న యెంత?

4. పొడవు పెరుగు తావులు

ఇప్పుడొక లెక్క వేయుదము. బ్రాండర్ చెప్పిన సగటు మగపులిని, అనగా 9 అడుగుల 3 అంగుళముల దానిని, తీసికొందము. వంపులమీద కొలిచి అయిదంగుళములు చేర్చినచో 9 అడుగుల 8 అంగుళములగును. పిమ్మట తోలు నొలిచి, పచ్చిగా నుండగనే లాగి మేకులు కొట్టి యెండబెట్టుదురు. పచ్చితోలు అడుగువఱకును, ఒక్కొకప్పుడు అంతకు మించియు సాగును. ఇప్పుడు పులి 10 అడుగుల 8 అంగుళములు. కథలో అంగుళములు చెప్పుట వినసొంపుగా నుండదు గనుక, అది పదునొకండడుగులగును. ఇంతవఱకు ఎవ్వరును పచ్చి యబద్ధమాడలేదు. ప్రతివాడును కొంచెము కొంచెముగా లాగెను, అంతే.

వైస్రాయిల పులులకు అడుగునకు పదునొకండంగుళములు మాత్రమేగల ప్రత్యేకమైన టేపు ఉండెడిదని వేటగాండ్రలో నొక పరిహాసకథ కలదు. పరిహాసమైనను దాని గణితమును చూడుడు. 9 అడుగుల 3 అంగుళములనగా 111 అంగుళములు. దానిని పదునొకటిచే భాగించిన పది వచ్చి, ఒకటి మిగులును. అనగా మన సగటు పులి ఆ టేపుమీద 10 అడుగుల 1 అంగుళము. తొమ్మిదడుగుల పులి వెండ్రుకవాసి పెరుగకయే పదియడుగుల పులులలో చేరినది!

ఛాయాచిత్రము సహితము నమ్మదగినది కాదు. కెమెరాకు దగ్గఱనున్నది పెద్దదిగాను, దూరముననున్నది చిన్నదిగాను పడును. మృగమును ముందుంచి వేటగాడు నాలుగడుగులు వెనుకకు జరిగి కూర్చున్నచో, పులి యేనుగంత కనబడును. లండను నగరమున రోలండ్ వార్డ్ అనువాడు 1892 మొదలు పెద్ద మృగముల కొలతలను పట్టికగా ప్రకటింప నారంభించినపిమ్మట ఒక్క యంగుళమునకు మిక్కిలి విలువ వచ్చినది. పట్టికలో పేరు పైకెక్కుటకు ఆ యంగుళమే చాలును. ఈ చిక్కులలో మోసమునకు లొంగనిది కపాలము. తోలువలె అది సాగదు. ఎండినపిమ్మట కొంచెము కుదించుకొనుటయేగాని పెరుగుట లేదు. అందుచేత శాస్త్రజ్ఞులు తోలుకంటె కపాలమును గౌరవింతురు.

5. కొలబద్ద ఎవరి చేతిలో నున్నది?

పొడవును పెంచువాడు ప్రతిసారియు వేటగాడే యనుకొనుట అన్యాయము. గొప్ప వేటలలో అతిథి మంచెపై కూర్చుండి తుపాకి కాల్చును. కొలుచువారు ఆతిథ్యమిచ్చిన సంస్థానపు సేవకులు. దొరగారి పులి పదియడుగులకు తక్కువయైనదని చెప్పుట కెవనికి ధైర్యముండును? చెప్పినందువలన నెవనికి లాభము? కొలబద్ద భయపడువాని చేతిలో నున్నంతకాలము అంగుళములు పైవాని ముఖము చూచి పెరుగుచుండును.

అడవినంతయు చుట్టి, డప్పులు వాయించుచు, కేకలు వేయుచు పులిని మంచెవైపు తోలినవారు పల్లెప్రజలు. వారి చేతిలో తుపాకి లేదు. గాయపడిన పులి మొదట నెదుర్కొనునది వారినే. నిజాము రాజ్యమున వెట్టిచాకిరి యెంత బాధాకరమైనదో చరిత్ర చదివినవారెఱుగుదురు. అధికారుల వేటలకు అడవి తోలుటయు నా వెట్టిలో నొక భాగమే. పులి అంగుళములు పెరిగిన కథలో వీరి సాహసము మాత్రము తఱిగిపోయినది.

రెండవ నష్టము శాస్త్రమునకు. మన మండలపు పులి మధ్యపరగణాల పులికంటె పెద్దదా చిన్నదా యని నేడొక విద్యార్థి అడిగెననుకొందము. గోడలమీద తోళ్లుండవచ్చును, సాగిన తోలు సాక్ష్యము చెప్పజాలదు. కథలుండవచ్చును, కథలకు మేకులు లేవు. బ్రాండర్ వంటివాని చిన్న లెక్కలపుస్తకము చేయగలిగిన యుపకారమును వేయి విందుకథలు చేయజాలవు. అడిగి తెలిసికొందమన్నను, పాకాల అడవులలో పులులు నేడు కాపురము లేవు. 1950వ దశకమున పాకాల, ఏటూరునాగారము అడవులు అభయారణ్యములైనవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 1973లో పులుల రక్షణ పథకము మొదలైనది. అప్పటికే మన సీమలో చాలవఱకు ఆలస్యమైనది.

6. అంగుళములనుండి సంఖ్యలకు

వేట పోయినను కొలబద్ద రోగము పోలేదు. పులులను చంపువారు పొడవును పెంచినట్లే, పులులను కాపాడవలసినవారు వాటి సంఖ్యను పెంచుట సంభవించినది. చిరకాలము అడుగుజాడలనుబట్టి పులులను లెక్కించుచుండిరి. ఒకే పులి అడుగు మెత్తని బురదలో నొక తీరునను, పొడి మట్టిలో మఱియొక తీరునను పడును. ఒక పులి రెండుగా మాఱుట కిదియే చాలును. పైగా సంఖ్య పెరిగినచో మెప్పు, తఱిగినచో సంజాయిషీ. 2005లో రాజస్థానమునందలి సరిస్కా అడవిలో, కాగితములమీద పులులు తిరుగుచుండగనే, నిజమునకు ఒక్క పులియు మిగిలియుండలేదని తేలినది. దేశమంతటను 2002 లెక్క 3,642. క్రొత్త పద్ధతిచే 2006లో కట్టిన యంచనా 1,411 మాత్రమే. పులులన్నియు ఆ నాలుగేండ్లలోనే చావలేదు; అందులో పెక్కు కాగితముమీదనే పుట్టినవి.

ఇప్పుడు అడవిలో కెమెరాలు కట్టి, చారలనుబట్టి పులులను గుర్తించుచున్నారు. ఏ రెండు పులుల చారలును ఒక్క తీరుగ నుండవు. 2022 అంచనా 3,682. ఈ సంఖ్య మనకు సంతోషము కలిగించుటకు కారణము అది పెద్దదగుట మాత్రమే కాదు. మఱియొకడు చిత్రములను ముందుంచుకొని పరీక్షింపగలుగుట.

7. విద్యార్థులు చేయదగిన పని

పైదంతయు చదివి, మంచి కొలతకు మూడు లక్షణములు కావలెనని మేము తలంచుచున్నాము. పద్ధతిని అంకెతోపాటు చెప్పవలెను. అంకెవలన లాభము పొందువాడు గాక మఱియొకడు కొలువవలెను. అక్కడికక్కడనే వ్రాసికొనవలెను, జ్ఞాపకమును నమ్మరాదు.

దీనిని పరీక్షించుటకు పులి యక్కఱలేదు. మీ యింటి కుక్క నిద్రించుచుండగా అయిదుగురు బాలురు వేఱువేఱుగా, ఒకరి యంకె నొకరు చూడక, దానిని ముక్కునుండి తోకవఱకు వంపులమీద కొలువుడు. పిమ్మట తిన్నగా కొలువుడు. పది యంకెలను నల్లబల్లపై వ్రాసి చూడుడు. కుక్క యజమాని వ్రాసిన యంకె తక్కినవారి యంకెలకంటె పెద్దదిగా నున్నచో నవ్వవలదు. దానికి కారణ మేమో తరగతిలో విచారింపుడు.