ప్రకటనలో ఉన్న మాట, లేని మాట

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు అటవీప్రాంతమున భూమి కంపించినది. దాని తీవ్రత 5.3. ఖమ్మము, భద్రాచలములే గాక హైదరాబాదు, విజయవాడ నగరములందును ఆ కదలిక తెలిసినది. నేలకొండపల్లి చుట్టుపట్ల పల్లెలలో పొయ్యిమీది పాలు తొణికినవని కొందరు, కూర్చున్న మంచము ఊగినదని కొందరు చెప్పిరి. కొద్ది క్షణములలో నేల కుదుటపడినది. కుదుటపడనిది జనుల మనస్సు. అందుకు కారణము భూకంపము కంటె, మరునాడు ఒక ఊరిలో గోడకు అంటించిన కాగితము.

ఆ కాగితమున మూడే వాక్యములు గలవు. భూమి స్వల్పముగా కంపించినది. మరికొన్ని చిన్న కదలికలు రావచ్చును. ప్రజలు ఆందోళన చెందనవసరము లేదు. సాయంకాలమునకు టీ కొట్టువద్ద ఆ మూడు వాక్యములకు ముప్పది వ్యాఖ్యానములు పుట్టినవి. ఆందోళన పడవలసినది ఏదో ఉన్నది గనుకనే వద్దనుచున్నారని ఒకరు. "రావచ్చును" అను మాట ఊరక వేయరు, తేదీ కూడ తెలిసియే దాచినారని మరియొకరు. ఆ మాటలు విన్న ఒక ముసలమ్మ మూడు రాత్రులు మార్గశిరపు చలిలో మనుమరాలిని దుప్పటిలో చుట్టుకొని వాకిటనే పడుకొన్నది. నేను పనిమీద ఆ ఊరు వెళ్ళునప్పటికి పిల్లకు దగ్గు పట్టుకొన్నది. "అయ్యా, మీరు సర్కారోళ్లు గదా! ఏ దినం వస్తదో నా చెవులనన్న చెప్పరాదు?" అని ఆమె అడిగినది. ఆ తేదీ నావద్దనే కాదు, ఎవరివద్దను లేదంటిని. ఆమె నమ్మలేదు.

ఎందుకు లేదో కొంచెము వివరింపవలసి యున్నది. గోదావరి లోయ కోట్ల సంవత్సరములకు పూర్వము భూమి బీటలువారి క్రుంగగా ఏర్పడిన పల్లము. మన సింగరేణి బొగ్గు ఆ పల్లములో పేరుకొన్నదే. ఆ పాత బీటల వెంట రాతిపొరలలో ఒత్తిడి మిక్కిలి నెమ్మదిగా కూడుకొనును. రాయి ఓర్వలేనపుడు ఒక్కసారిగా జారును. 1969 ఏప్రిల్ 13వ తేదీ రాత్రి భద్రాచలము సమీపమున వచ్చిన భూకంపము అట్టిదే. దాని తీవ్రత రమారమి 5.7. ఆ రాత్రిని ఎరిగిన వృద్ధులు నేటికిని ఉన్నారు. అప్పటికిని ములుగు కదలికకును నడుమ 55 ఏండ్లు గడచినవి. అట్లని 55 ఏండ్లకొకసారి వచ్చునని లెక్క కట్టరాదు. చేదతాడు అరిగినదని చూచి చెప్పగలము గాని, ఎన్నవ చేదకు తెగునో చెప్పగలమా? ఈ లోయలో భూకంపము రాగలదని శాస్త్రజ్ఞులు ఎరుగుదురు. 2002 నాటి భూకంప పటమున దీనిని మూడవ మండలమున చేర్చిరి. తేదీ, గంట చెప్పు సాధనము మాత్రము ఏ దేశమునను లేదు. జపానులో 2007 నుండి ప్రజలకు అందుచున్న హెచ్చరికయు భూమి కదలుట ఆరంభమైన పిమ్మట, పెద్ద ఊపు చేరులోపల కొన్ని సెకండ్ల వ్యవధి నిచ్చునదే. లేని తేదీని దాచుట ఎవరికిని సాధ్యము కాదు. ఇక "చిన్న కదలికలు రావచ్చును" అనుటలో రహస్యమేమియు లేదు. పెద్ద కదలిక తరువాత చిన్నవి వచ్చుట తరచు జరుగునదే.

అయితే తేదీ తెలియదనుట వేరు, రాదనుట వేరు. ఇటలీ దేశమున లాక్విలా పట్టణమునకు ఈ భేదము ప్రాణాంతకమైనది. 2009లో అచ్చట నెలల తరబడి చిన్న కంపనములు వచ్చుచుండగా, భయపడవలదని అధికారులు ఊరడించిరి. ఏప్రిల్ 6వ తేదీ తెల్లవారుజామున వచ్చిన భూకంపములో మూడు వందలకు పైగా మరణించిరి. అంతకు ముందు కదలిక రాగానే వెలుపలికి వచ్చు అలవాటు గలవారు ఆ ఊరడింపును నమ్మి ఇంటనే ఉండిపోయిరని బంధువులు న్యాయస్థానమున వాపోయిరి. ఆరుగురు శాస్త్రజ్ఞులకు, ఒక అధికారికి 2012లో శిక్ష పడినది. 2014లో పై న్యాయస్థానము శాస్త్రజ్ఞులను విడుదల చేసినది. మన ఊరివారు ఊరడింపులో లేని కీడును చదివిరి. ఆ ఊరివారు అందులో లేని అభయమును చదివిరి.

2023లో జరిగినది కొంత నవ్వు పుట్టించునట్టిది. ఆ సంవత్సరము జులై మొదలు అక్టోబరు వరకు దేశమున పలుచోట్ల సెల్‌ఫోనులు ఒక్కసారిగా పెద్దగా మ్రోగినవి. ఇది పరీక్షార్థము పంపిన సందేశము, మీరు చేయవలసినదేమియు లేదు అని అందులో స్పష్టముగా వ్రాసి యుండెను. విపత్తుల వేళ ఒక ప్రాంతమునందలి ఫోనులన్నిటికి ఒకేసారి హెచ్చరిక పంపు పద్ధతిని టెలికాం శాఖ పరీక్షించినది. ఫోను మ్రోగుట విన్నవారెందరో గాని, కడవరకు చదివినవారు తక్కువ. ఏమి రాబోవుచున్నదో అని నన్ను అడిగిన పట్టభద్రులు కూడ గలరు!

ఇప్పుడు గోదావరి సంగతి చూడుడు. నేలకొండపల్లివారికి భద్రాచలము పరాయి ఊరు కాదు. అచట రామాలయము నిర్మించిన కంచర్ల గోపన్న పుట్టినది ఇచటనే. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇచ్చెదరు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినది. ఎగువన కురిసిన వానను, వచ్చు నీటిని కొలువవచ్చును గనుక వరదను ముందుగా చెప్పవచ్చును. అట్టి హెచ్చరికలో అంకె ఉండును, స్థలము ఉండును, ఎవరు కదలవలెనో ఉండును. ఆ మాటను ఉన్నది ఉన్నట్లు వినవలెను. అందు గూఢార్థము వెదకుచు కూర్చుండినచో నీరు వాకిటికి వచ్చును. భూకంపము రాబోవు దినము చెప్పు కాగితమో, ఫోను సందేశమో మీకు అందినచో, దానిపై ఏ ముద్ర ఉన్నను అది కల్పితము.

మా తప్పును చెప్పకుండుట న్యాయము కాదు. "తగు చర్యలు గైకొనబడుచున్నవి" అని వ్రాయుట మాకు అలవాటు. ఏమి చర్యలో, ఎవరు చేయుచున్నారో అందు ఉండదు. ఖాళీగా విడిచిన చోటును టీ కొట్టు నింపును. ఆ మూడు వాక్యముల కాగితముపై నాలుగవ వాక్యము ఒకటి ఉండవలసినది: ఎప్పుడు వచ్చునో మాకును తెలియదు, కావున మీ ఇంటి గోడ చూచుకొనుడు, అని.

ఆ గోడ చూచుటకే నేను ముసలమ్మ కుమారునితో లోపలికి వెళ్ళితిని. మట్టి గోడ ఉత్తరపువైపు ఒరిగి యున్నది. మంచమునకు నేరుగా పైన అటకమీద ఇత్తడి బిందెలు, ఒక రోలు! రోలు అటకపైకి ఎట్లు ఎక్కినదో ఇంటివారికే జ్ఞాపకము లేదు. ఇద్దరము కలిసి దానిని దింపితిమి, బిందెలను నేలపై పేర్చితిమి, మంచమును ఒరిగిన గోడకు దూరముగా తలుపు దాపునకు జరిపితిమి. నేల కదలినపుడు చూరు క్రిందుగా పరుగెత్తిన పెంకులు తలపై పడునని, తలుపు దాటి ఆరుబయటకు పోవుట కుదరనిచో గట్టి బల్ల క్రింద దూరవలెనని పిల్లకు చెప్పితిమి. గోడకు ఊతము కట్టుటకు సంక్రాంతి తరువాత వచ్చెదనని మేస్త్రీ మాట ఇచ్చినాడు.

ముసలమ్మ ఆ రాత్రి పిల్లతో లోపలనే పడుకొన్నదట. తలుపు గడియ మాత్రము వేయనీయలేదట.