మరపు వ్యాధిగ్రస్తుల సేవ – గ్రామస్థుల బాధ్యత

మన దేశ ప్రజల ఆయుర్దాయము క్రమముగా వృద్ధి చెందినది. స్వాతంత్ర్యము వచ్చిన 1947వ సంవత్సర ప్రాంతమున సగటు ఆయువు సుమారు 32 ఏండ్లు. నేడది సుమారు 70 ఏండ్లకు చేరినది. తాతలు, అవ్వలు ఇంట నుండుట ఇంటికి కళ. కాని ఆయువుతోపాటు పెద్ద వయస్సున సంక్రమించు వ్యాధులును పెరిగినవి. వానిలో మన పల్లెలలో మిక్కిలి తక్కువగా తెలిసినది డిమెన్షియా. దీనినే చిత్తవైకల్యమనియు, మరపు వ్యాధి యనియు చెప్పుచున్నారు.

ఈ వ్యాధి ఒకరికి వచ్చినను ఇద్దరిని బాధించును. మతి తప్పినవారు ఒకరు; రాత్రింబవళ్ళు వారిని కనిపెట్టుకొని యుండి లోలోపల కుంగిపోవువారు మరియొకరు. మొదటివారిని చూచి ఊరివారు జాలిపడుదురు. రెండవవారి సంగతి విచారించువారు అరుదు. రోగిసేవ కూడ నేర్చుకొనవలసిన విద్యయే. ఆ విద్యను ఇంటివారికి అందించుటయు, ఆ బరువులో కొంత పంచుకొనుటయు గ్రామస్థులందరి బాధ్యత.

వ్యాధి యనగా నేమి?

వృద్ధులు మాటలు మరచినపుడు "వయస్సు మీదపడినది, చాదస్తము" అని కొందరందురు. "పిచ్చి పట్టినది" అని కొందరు, "ఏదో గాలి సోకినది" అని మరికొందరు అనుకొందురు. ఈ మూడును సరికాదు. ఇది మెదడునకు కలుగు వ్యాధి. 1906వ సంవత్సరమున ఆలోయిస్ ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు, మతి తప్పి మరణించిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు అసహజమైన పదార్థములు పేరుకొని యుండుట కనుగొనెను. డిమెన్షియాకు గురియైన వారిలో నూటికి 60 నుండి 70 మందికి ఆ వైద్యుని పేరిట పిలువబడు వ్యాధియే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. రక్తపుపోటు, మధుమేహము అదుపులో లేక మెదడునకు రక్తప్రసారము చెడుట మరియొక ముఖ్య కారణము.

మన దేశమున 60 ఏండ్లు నిండిన వారిలో నూటికి 7 మందికి పైగా, అనగా సుమారు 88 లక్షల మంది ఈ వ్యాధితో నున్నారని 2023లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధన అంచనా వేసినది. పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను ఇది ఎక్కువగా నున్నట్లు ఆ పరిశోధనలో తేలినది. కావున ఇది పట్టణవాసుల వ్యాధి యనుకొనుట పొరపాటు.

సాధారణమైన మరపునకు, వ్యాధికి భేదము కలదు. సంతకు పోయి ఒక సరుకు తెచ్చుట మరచుట ఎవరికైనను సహజము. నలువది ఏండ్లుగా నడచిన సంతదారి మరచి ఇల్లు చేరలేకపోవుట వ్యాధి లక్షణము. అడిగినదే మరల మరల అడుగుట, తెలిసిన వంట చేయలేకపోవుట, డబ్బు లెక్క తప్పుట, పగలు రాత్రి భేదము తెలియకుండుట, స్వభావము మారుట, కడకు కన్నబిడ్డలనే గుర్తింపలేకుండుట – ఇవి క్రమక్రమముగా కనిపించును.

ఇట్టి లక్షణములు కనబడిన వెంటనే వైద్యునికి చూపవలెను. ఏలయన థైరాయిడ్ లోపము, బి–12 విటమిను లోపము, తీవ్రమైన మనోవ్యాకులత, క్రిందపడినపుడు తలలో రక్తము గడ్డకట్టుట, కొన్ని మందుల ప్రభావము కూడ ఇట్టి స్థితిని కలిగింపవచ్చును. వీనికి చికిత్స కలదు. ఆల్జీమర్ వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందు లేదు. కొందరిలో లక్షణములను కొంతకాలము తగ్గించు మందులు కలవు. తక్కినదంతయు సేవవలననే జరుగవలెను.

ఇంటివారి కష్టము

ఆ సేవ చేయువారెవరు? చాలవరకు భార్య, కోడలు, లేక కుమార్తె. ప్రపంచమంతట ఈ రోగులకు కుటుంబీకులు చేయు సేవలో నూటికి 70 వంతులు స్త్రీలే చేయుచున్నారనియు, సేవచేయువారు సగటున దినమునకు 5 గంటలు అందుకు వెచ్చించుచున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కూలికి పోవలసిన ఇల్లాలికి 5 గంటలనగా సగము కూలి.

శ్రమకంటె బాధించునది అపవాదు. రోగి కడుపునిండ భోజనము చేసి, గడియలో ఆ సంగతి మరచి, అరుగుమీద కూర్చుండి దారిన పోవువారితో "నాకింత ముద్ద పెట్టువారు లేరమ్మా" అని కంటతడి పెట్టవచ్చును. తాను దాచిన రూకలు ఎక్కడ దాచినదీ మరచి "కోడలే దొంగిలించినది" అని కేకలు వేయవచ్చును. ఇది అబద్ధమాడుట కాదు. మరపు వలన ఏర్పడిన సందును మెదడు తనకు తోచిన రీతిని పూడ్చుకొనుట. కాని వినినవారు కోడలిని నిందింతురు. కొడుకునకు కోపము వచ్చును. ఆడపడుచులు పంచాయతీ పెట్టుదురు. ఒక వ్యాధి వలన ఒక కుటుంబమే చీలిపోవును.

వృద్ధులను నిజముగనే నిర్లక్ష్యము చేయు ఇండ్లును లేకపోలేదు. కావున ఇరుగుపొరుగువారు నింద వేయుటకు ముందు ఇంటిలోనికి పోయి చూడవలెను. భోజనపు వేళ ఒక పూట కూర్చున్నచో నిజము తెలియును.

గోవాలో జరిగిన ప్రయత్నము

ఇట్టి కుటుంబములకు పెద్ద ఆసుపత్రులు లేనిచోట్ల ఏమి సాయము చేయవచ్చును? గోవా రాష్ట్రమునందు కొందరు వైద్యులు ఈ ప్రశ్నకు సమాధానము వెదకి, తమ ఫలితములను 2008లో ప్రకటించిరి. బార్దేజ్, తిస్వాడి తాలూకాలలోని 81 కుటుంబములు ఇందు పాల్గొనెను. సేవకు ఎన్నుకొనబడినవారు డాక్టర్లు కారు, నర్సులు కారు. స్థానిక భాష చక్కగా మాటలాడగలిగి, వృద్ధులకు సాయపడవలెనను కోరిక గల సాధారణ వ్యక్తులు. వారికి ఒక వారము దినములు శిక్షణ నిచ్చిరి. ఒక మానసిక వైద్యుడు వారికి వెన్నంటి యుండెను.

ఈ సలహాదారులు ఆరు నెలలపాటు, కనీసము పదునైదు దినములకు ఒకసారి, రోగి యింటికి పోయిరి. వ్యాధి యెట్టిదో విడమరచి చెప్పిరి. రోగి అలజడి చెందినపుడు ఏమి చేయవలెనో నేర్పిరి. స్నానము, భోజనము వంటి పనులలో మెలకువలు చూపిరి. అవసరమైనచో వైద్యుని కడకు పంపిరి. ప్రభుత్వ పథకముల వివరములు తెలిపిరి. ఇట్టి కష్టమే అనుభవించుచున్న ఇతర కుటుంబములతో పరిచయము కలిగించిరి.

దీని ఫలితమును ఉన్నదున్నట్లు గ్రహింపవలెను. రోగుల స్థితిలో నిర్ధారణగా చెప్పదగినంత మార్పు కనబడలేదు. కాని సేవచేయువారి మనఃక్లేశము స్పష్టముగా తగ్గినది. అనగా రోగి పూర్వమువలెనే అదే మాట పదిసార్లు అడుగుచున్నను, వినువారికి దానిని సహించు శక్తి, బదులు చెప్పు నేర్పు అలవడినవి. వారము దినముల శిక్షణ, పదునైదు దినముల కొకసారి పలుకరింపు – ఇంతమాత్రముననే ఈ మేలు జరిగినది. ఇది ఏ పల్లెకును మించిన పని కాదు.

సేవచేయువారు నేర్వదగిన పాఠములు

1. వాదింపరాదు. ఎన్నడో గతించిన భర్తను గూర్చి "ఆయన ఇంకా రాలేదేమి?" అని అవ్వ అడిగినచో, "ఆయన పోయి పదేండ్లయినది" అని ప్రతిసారి చెప్పుట వలన ప్రతిసారి ఆమెకు ఆ దుఃఖము క్రొత్తగా కలుగును. "మామయ్యగారికి ఏ కూర ఇష్టమత్తయ్యా?" అని మాట మళ్ళించుట మేలు.

2. ఎదుట నిలిచి, పేరు పెట్టియో వరుస పెట్టియో పిలిచి, చిన్న మాటలలో చెప్పవలెను. ఒకసారి ఒక పనియే చెప్పవలెను. బదులు వచ్చువరకు ఓపిక పట్టవలెను.

3. లేచుట, స్నానము, భోజనము, నిద్ర ప్రతిదినము ఒకే వేళకు జరుగవలెను. పొద్దు గ్రుంకు వేళ కొందరికి అలజడి ఎక్కువగును. చీకటి పడకముందే దీపము వేయవలెను. సాయంకాలము కాఫీ, టీలు మాన్పవలెను.

4. స్నానమునకు మొరాయించినచో, నీళ్ళు ఒక్కసారి తలపై పోయక, పీటమీద కూర్చుండబెట్టి పాదములనుండి మొదలుపెట్టవలెను. మరుగు తప్పరాదు. మతి పోయినను మానము పోలేదని మరువరాదు.

5. భోజనమున పదార్థములన్నియు ఒకసారి వడ్డింపక ఒక్కొక్కటి వడ్డింపవలెను. నిటారుగా కూర్చుండబెట్టి నెమ్మదిగా తినిపింపవలెను. మంచినీరు వేళకు ఇచ్చుచుండవలెను.

6. కేకలకు, కోపమునకు కారణముండును. మలబద్ధము, పంటినొప్పి, మూత్రబాధ, ఆకలి, చలి – ఇవి నోట చెప్పలేక రోగి తిరుగబడును. ఒకటి రెండు దినములలో స్థితి హఠాత్తుగా చెడినచో అది వేరు జబ్బునకు సూచన. వెంటనే వైద్యునికి చూపవలెను.

7. పురుగుమందులు, కిరసనాయిలు, కత్తులు, కొడవళ్ళు తాళములో నుంచవలెను. బావికి మూత వేయవలెను. గ్యాసుపొయ్యి కట్టివేయవలెను. రాత్రి దొడ్డిదారిలో దీపముండవలెను.

8. చేతనైన పని చేయనీయవలెను. చిక్కుళ్ళు ఒలుచుట, బట్టలు మడచుట, పూలు కట్టుట, త్రాడు పేనుట వంటివి చేతులు మరువవు. పని సరిగా లేకున్నను తప్పు పట్టరాదు.

9. గదిలో బంధించుట, మంచమునకు కట్టివేయుట తగదు. వైద్యుడు వ్రాయని నిద్రమాత్రలు వాడరాదు.

10. సేవచేయువారు తమ ఆరోగ్యమును కాపాడుకొనవలెను. నిద్ర లేనిచో ఓర్పు ఉండదు. పట్టణములలోనో విదేశములలోనో ఉన్న కుమారులు డబ్బు పంపి ఊరకుండరాదు. ఏడాదికి కొన్ని దినములైనను వచ్చి, సేవచేయువారిని పంపి, తాము ఆ స్థానమున కూర్చుండవలెను.

ఊరివారు చేయదగిన పనులు

జపాను దేశమున వృద్ధుల సంఖ్య మిక్కిలి ఎక్కువ. అచ్చట పూర్వము ఈ వ్యాధికి 'చిహో' అను పేరుండెను. అది రోగులను కించపరచు మాట యని 2004లో ఆ దేశ ప్రభుత్వము దానిని మార్చినది. మరుసటి సంవత్సరమునుండి సాధారణ ప్రజలకు గంటన్నర పాఠము చెప్పి, ఈ రోగులకు సహాయకులుగా తీర్చిదిద్దు కార్యక్రమము ఆరంభమైనది. పాఠము విన్నవారికి గుర్తుగా నారింజరంగు చేతికడియ మిచ్చిరి. దుకాణదారులు, బ్యాంకు ఉద్యోగులు, బడిపిల్లలు మొదలగువారు కోటిమందికి పైగా ఈ పాఠము వినిరి. ఒమూటా అను పట్టణమున దారితప్పిన రోగిని వెదకుట ఎట్లో ఊరివారు ముందుగనే అభ్యాసము చేయుదురు.

మన గ్రామములలో ఇట్టి పనులకు కావలసిన సంఘములు ఇదివరకే కలవు. కొన్ని సూచనలు:

మహిళా సంఘము నెలనెలా సమావేశమగునపుడు ఒక గంట ఈ విషయమునకు కేటాయింపవచ్చును. ఆశా కార్యకర్తను, ఎ.ఎన్.ఎమ్.ను, వీలైనచో వైద్యాధికారిని పిలిచి చెప్పింపవచ్చును. ఒకే ఊరిలోనో ప్రక్క ఊళ్ళలోనో ఉన్న సేవకురాండ్రు ఒకచోట చేరి కష్టసుఖములు చెప్పుకొన్నచో సగము బరువు దిగును.

వారమునకు ఒక పూట ఇరుగుపొరుగువారిలో ఒకరు రోగివద్ద కూర్చుండి ఆ ఇల్లాలికి విశ్రాంతి కలిగింపవచ్చును. ఆ పూట ఆమె నిద్రపోవచ్చును, పుట్టింటికి పోయి రావచ్చును, తాను వైద్యునికి చూపించుకొనవచ్చును.

రోగి దారితప్పుట సంభవమే గనుక, పేరు, ఊరు, ఫోను సంఖ్య వ్రాసిన గుడ్డపట్టీని రవికెకో చొక్కాకో కుట్టవలెను. ఇటీవలి ఫోటో సిద్ధముగా నుంచవలెను. కిరాణాకొట్టు, బస్సు ఆగు స్థలము, ఆటోలవారు – వీరికి ముందే చెప్పియుంచవలెను. తప్పిపోయినచో రోగి పూర్వము నిత్యము నడచిన దారులందు, పాత పొలమునొద్ద, చెరువులు బావుల చుట్టుప్రక్కల తడవు చేయక వెదకవలెను. పోలీసులకు వెంటనే తెలుపవలెను.

మతి తప్పినవారి వేలిముద్ర తీసుకొని ఆస్తి వ్రాయించుకొనుట కొన్నిచోట్ల జరుగుచున్న అన్యాయము. గ్రామ పెద్దలు అట్టి పత్రములపై సాక్షి సంతకము చేయరాదు.

ఎచ్చట సాయము లభించును?

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అచ్చటినుండి జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని కడకును పోవలెను. సేవచేయువారికే మనోవ్యథ కలిగినపుడు టెలిమానస్ సంఖ్య 14416కు ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును. వృద్ధులకు సంబంధించిన సలహాలకు ఎల్డర్‌లైన్ సంఖ్య 14567 కలదు. 1992లో కేరళలోని కొచ్చిలో స్థాపింపబడిన భారత ఆల్జీమర్ సంఘమునకు హైదరాబాదునందును శాఖ కలదు. తల్లిదండ్రుల పోషణకు, వృద్ధుల సంక్షేమమునకు 2007వ సంవత్సరపు చట్టము కలదు. నిర్లక్ష్యమునకు గురియైన వృద్ధులు దాని క్రింద ఏర్పడిన ట్రిబ్యునలునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

ఊరిలో ఒక ఇల్లు తగులబడినచో బిందెలతో పరుగెత్తుట మన పల్లెలకు తెలిసిన ధర్మమే. మరపు వ్యాధి పొగ కనబడని నిప్పు. ఏండ్ల తరబడి ఒక ఇల్లాలు ఒంటరిగా దానితో పోరాడుచుండును. సెప్టెంబరు 21వ తేదీని ప్రపంచ ఆల్జీమర్ దినముగా పాటించుచున్నారు. ఆ దినమువరకు ఆగనక్కరలేదు. ఈ వారమే మీ వీధిలో అట్టి ఇల్లు ఉన్నదేమో విచారింపుడు. ఉన్నచో ఆ ఇంటికి పోయి, రోగిని పలుకరించిన పిమ్మట, సేవచేయుచున్నవారిని "నీకెట్లున్నదమ్మా?" అని అడుగుడు. సాయము అచ్చటనుండియే ఆరంభము కావలెను.