నీహారికా గర్భమున నక్షత్ర జననము

విద్యార్థులారా! పుష్య మాఘ మాసములలో రాత్రి తొమ్మిది గంటల వేళ ఎమ్మిగనూరు వెలుపలి చేలలో నిలిచి, దక్షిణాభిముఖముగా తలయెత్తి చూచినచో ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపించును. వాటికి ఎడమవైపున, ఎగువగా ఎఱ్ఱగా వెలుగునది మన ఆర్ద్రా నక్షత్రము. అరబ్బీ మూలము గల దాని మరియొక పేరు బెటెల్‌జూస్. మూడు చుక్కలకు దిగువన మసక మచ్చ యొకటి కలదు. అదియే ఒరయన్ నీహారిక. సుమారు 1,350 కాంతి సంవత్సరముల దూరమున నున్న ఆ మేఘములో నేటికిని నక్షత్రములు పుట్టుచున్నవి.

నీహారిక యనగా వాయువు, ధూళి కలిసిన మేఘము. దాని ద్రవ్యరాశిలో ముప్పాతిక వంతు హైడ్రోజన్, మిగిలినది దాదాపుగా హీలియమ్. ధూళి నూటికి ఒక పాలు మాత్రమే. వేడి వాయువును వ్యాపింపజేయును. గురుత్వాకర్షణ దానిని దగ్గరకు లాగును. సుమారు మైనస్ 260 డిగ్రీల చలిలో, దట్టమైన చోట, ఈ పోరులో ఆకర్షణయే గెలుచును. ఈ నియమమును జేమ్స్ జీన్స్ 1902లో గణితముచే తెలిపెను.

మన మగ్గముల ఊరిలో ఏకిన దూది నెరుగనివారుండరు. చేటనిండ నున్న దూది వడికినచో పిడికెడు నూలగును. మేఘమును అట్లే కుంచించుకొనును. అయితే కదురును మన చేయి త్రిప్పవలెను. మేఘమునకు మొదటినుండి యున్న స్వల్ప భ్రమణమే, అది కుంచించుకొనుకొలది వేగమగును. అందుచే పదార్థమంతయు నడుమకు పడక, కొంత చుట్టును పళ్ళెము వలె పఱచుకొనును. నడిమి ముద్ద వేడెక్కి, దాని గర్భమున ఉష్ణోగ్రత కోటి డిగ్రీలకు చేరగా హైడ్రోజన్ హీలియముగా మారనారంభించును. అదియే నక్షత్రము. సూర్యుని వంటి దానికి ఇందుకు కొన్ని కోట్ల సంవత్సరములు పట్టును.

పళ్ళెములోని ధూళి రేణువులు అంటుకొని రాళ్ళు, రాళ్ళు కలిసి కొండలు, కొండలు ఢీకొని గ్రహములగును. సూర్యుని సమీపమున మంచు నిలువదు గనుక అచ్చట భూమి వంటి రాతి గ్రహములు, దూరమున గురు శనుల వంటి మహాగ్రహములు ఏర్పడినవి. 2014లో చిలీ దేశములోని ఆల్మా రేడియో దూరదర్శినులు హెచ్.ఎల్. టారి అను బాల నక్షత్రము చుట్టును ఇట్టి పళ్ళెమును, అందలి వలయములను స్పష్టముగా చిత్రించినవి.

సౌరకుటుంబపు ద్రవ్యరాశిలో 99.8 శాతమునకు పైగా సూర్యునిదే. సుమారు 460 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ మిగులులో మిగిలిన కొంచెముతో మన భూమి తయారైనది. మన రక్తములోని ఇనుము అంతకు పూర్వమే నశించిన నక్షత్రములలో తయారైనదే.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదున నెలకొల్పిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కొఱకు ఆకాశమును ఫోటోలు తీసి, ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను కొలిచినది. 1968లో రంగాపురమున 48 అంగుళముల దూరదర్శిని నెలకొన్నది. పరీక్ష కొఱకు మాత్రమే చదివి, తలయెత్తి చూడకుండుట ఆ శ్రమకు తగిన వారసత్వము కాదని మేము తలచుచున్నాము. కార్తెల పేర్లు నేర్పిన పెద్దలు ఇంటనే కలరు. భౌతికశాస్త్రము కళాశాలలో కలదు. ఈ రెండింటిని కలుపుకొనుట మీ వంతు.