నాలుగు పనుల ఇంటికి నాలుగు ఖాతాలు

పాడి సభ్యులకు పాఠం: ఇంటి వ్యాపారాల లెక్కలు, కాగితాలు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పాడి రైతు ఒక్క పనిని నమ్ముకుని బతకడం కష్టం. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఒక ఏడు వాన ఉంటే మరో ఏడు ఉండదు. సోమశిల నీరు అందే పల్లెలు కొన్నయితే, మబ్బు కోసం చూసే పల్లెలు మరెన్నో. అందుచేత ఒకే ఇంట్లో రెండు గేదెలు, రెండెకరాల పొగాకు, ఇరవై గొర్రెలు, వీధి గదిలో చిన్న అంగడి ఉండడం ఇక్కడ వింత కాదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పని కూడా కొన్ని ఇళ్లకు ఆధారం. ఒకటి దెబ్బతింటే మరొకటి ఆదుకుంటుందని పెద్దలు ఆలోచించి పెట్టుకున్న ఏర్పాటు ఇది.

ఏర్పాటు మంచిదే. కాని పనులు నాలుగైనా డబ్బు మాత్రం ఒకే జేబులో ఉంటుంది. కాగితాలన్నీ ఒకే ట్రంకుపెట్టెలో ఉంటాయి. ఏ పని ఇంటిని పోషిస్తున్నదో, ఏ పనిని ఇల్లు పోషిస్తున్నదో ఎవరికీ తెలియదు. ఎండాకాలంలో గడ్డి దొరకనప్పుడో, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడో ఏదో ఒకటి అమ్మక తప్పదు. అప్పుడు మొదట గేదె మీదికే చూపు పోతుంది. ఆ గేదె ఇంటికి బరువా, ఆధారమా అన్నది లెక్క చూసి చెప్పవలసిన మాట. ఊహతో చెబితే ఆధారాన్నే అమ్ముకునే ప్రమాదం ఉంది. ఈ పాఠం ఉద్దేశం సభ్యులను ఆ ప్రమాదం నుండి తప్పించడమే.

పాల డబ్బు ఎందుకు కనబడదు?

ఒక్కొక్క పనిలో డబ్బు వచ్చే తీరు ఒక్కొక్క విధంగా ఉంటుంది. పొగాకు సొమ్ము ఏడాదికి ఒక కాలంలో వస్తుంది. మర్రిపాడు మండలం డి.సి.పల్లిలోను, కలిగిరిలోను పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి. అక్కడ చెక్కులు అమ్ముడుపోయేదాకా రైతు పెట్టుబడి పెడుతూనే ఉండాలి. గొర్రెల సొమ్ము అమ్మినప్పుడే వస్తుంది. అంగడి సొమ్ము రోజూ వస్తుంది గాని, అందులో చాలా భాగం మళ్లీ సరుకు కొనడానికే పోతుంది.

పాల బిల్లు మాత్రం కొన్ని రోజులకొకసారి తప్పకుండా చేతికి అందుతుంది. అందుచేత మిగిలిన పనులన్నీ పాల డబ్బు వైపే చేయి చాపుతాయి. బ్యారన్‌లో కట్టెలకు తక్కువైతే పాల డబ్బు. అంగడిలో సరుకు అయిపోతే పాల డబ్బు. పిల్లవాడి ఫీజుకూ పాల డబ్బే. అన్నిటికీ పంచి చివరకు ఏమీ మిగలకపోతే “పాడిలో ఏమీ లేదు” అనే మాట వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని అంకెలు పద్ధతి తెలియడానికి వేసినవి మాత్రమే. సభ్యులు తమ ఇంటి అంకెలు వేసుకోవాలి.

ఒక ఇంటివారు నెలలో 300 లీటర్లు పోశారు. లీటరుకు సగటున 50 రూపాయల చొప్పున బిల్లు 15,000. దాణా కింద సంఘం 5,000 పట్టుకుంది. చేతికి వచ్చినది 10,000. ఆ పది వేలు ఇలా ఖర్చయ్యాయి:

వరిగడ్డి: 2,500
మందులు: 500
పొగాకు కూలీలు: 3,000
అంగడి సరుకు: 2,000
బడి ఫీజు: 1,500
మిగిలినది: 500

“నెలంతా చాకిరీ చేస్తే ఐదు వందలు” అని ఇంటాయన అంటాడు. ఇప్పుడు పాడి లెక్క విడిగా వేద్దాం.

రాబడి: సంఘానికి పోసిన పాలు 15,000. ఇంట్లో వాడుకున్న 30 లీటర్లు 1,500. మొత్తం 16,500.

ఖర్చు: దాణా 5,000, వరిగడ్డి 2,500, మందులు 500, సొంత పొలం నుండి తెచ్చిన పచ్చిగడ్డి విలువ 1,000. మొత్తం 9,000.

మిగులు: 7,500 రూపాయలు.

ఇంటివారి కష్టానికీ, గేదెను అప్పు తెచ్చి కొని ఉంటే ఆ అప్పుకూ కలిపి మిగిలిన సొమ్ము ఇది. ఐదు వందలకూ ఏడున్నర వేలకూ ఉన్న తేడా ఎవరూ దొంగిలించినది కాదు. అది పొగాకులో, అంగడిలో, ఇంటిలో ఉన్నది. పాడి వాటికి ఇచ్చిన సొమ్ము ఎక్కడా రాయలేదు, అంతే. ఈ లెక్కలో పశువుల పెంటను చేర్చలేదు. పొలానికి తోలిన ఎరువుకు ఊరిలో పలికే వెల కట్టి పాడి రాబడిలో వేస్తే మిగులు ఇంకా పెరుగుతుంది.

ఇచ్చిన చోటా, పుచ్చుకున్న చోటా రాయాలి

పాత రోజుల్లో అంగళ్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. రోజు జరిగినది జరిగినట్లు చిట్టాలో ఎక్కించి, తరువాత ఎవరి ఖాతాకు వారి పేజీలో ఆవర్జాలో వేసేవారు. ఐరోపాలో 1494లో లూకా పచోలీ అనే పండితుడు వెనిస్ వర్తకుల లెక్కల పద్ధతిని తన గణిత గ్రంథంలో వివరించి అచ్చు వేయించాడు. దాని సారం ఒక్క మాటలో చెప్పవచ్చు: ప్రతి రూపాయికీ ఇచ్చిన చోటు ఒకటి, పుచ్చుకున్న చోటు ఒకటి ఉంటాయి. రెండు చోట్లా రాయాలి.

మన ఇంటికి ఇంత పెద్ద శాస్త్రం అక్కరలేదు. 200 పేజీల నోటుపుస్తకం ఒకటి చాలు. దానిని భాగాలు చేసి పాడి, పొలం, గొర్రెలు, అంగడి అని పేర్లు రాయండి. చివర ఒక భాగానికి “ఇల్లు” అని పేరు పెట్టండి. ఇల్లు సంపాదించే ఖాతా కాదు, నాలుగు పనులూ కలిసి పోషించే ఖాతా. ప్రతి పేజీకి ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు.

పై ఉదాహరణలో పొగాకు కూలీలకు పోయిన 3,000 పాడి ఖర్చు కాదు. పాడి పేజీలో “పొలానికి ఇచ్చినది 3,000” అనీ, పొలం పేజీలో “పాడి నుండి తెచ్చినది 3,000” అనీ రాయాలి. వేలం సొమ్ము వచ్చినప్పుడు పాడికి తిరిగి ఇచ్చినా, ఇవ్వకపోయినా, పొలానికి నిజంగా ఎంత పెట్టుబడి అయినదో అప్పుడు తెలుస్తుంది.

అంగడి ఉన్నవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. అంగడిలోని బియ్యం, నూనె, సబ్బు ఇంటికి వాడుకున్నప్పుడు కొన్న ధరకు “ఇల్లు” ఖాతాలో రాయాలి. ఇంటి వాడకం రాయని అంగడిలో అరువు ఎక్కడ పోయిందో, సరుకు ఎక్కడ పోయిందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఈ రోజుల్లో ఫోను ద్వారా డబ్బు పంపడం పల్లెల్లోనూ అలవాటయింది. నోటు చేయి మారినప్పుడు కనీసం జేబు ఖాళీ అయినది కంటికి కనబడేది. ఫోనులో అదీ కనబడదు. ఎవరికి పంపినది ఫోనులో ఉంటుంది గాని, ఏ పనికి పంపినది ఉండదు. కాబట్టి ఫోనులో పంపినవి ఆ సాయంత్రమే పుస్తకంలోకి ఎక్కాలి.

ఏ పనికి ఎంత కాలం లెక్క చూడాలి?

అన్ని పనులనూ నెల కొలతతో కొలవరాదు. గేదె చూలు కాలం సుమారు 310 రోజులు. ఈనిన తరువాత నిండుగా ఇస్తుంది. వట్టిపోయిన నెలల్లో తింటుందే గాని ఇవ్వదు. వట్టిపోయిన నెల లెక్క చూసి గేదెను అమ్మినవారికి, పాలిచ్చే నెలల మిగులు గుర్తుకు రాదు. కాబట్టి పాడి లెక్క ఈత నుండి ఈతకు చూడాలి. ఈనిన తేదీ, ఎద కట్టిన తేదీ, చూలు నిర్ధారణ అయిన తేదీ ఆ పేజీలోనే రాస్తే, ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరుగుతున్నదా అనేదీ తెలిసిపోతుంది. ఎడం పెరగడమంటే పాలులేని రోజులకు మేపు పెట్టడమే.

పొగాకు లెక్క నారుమడి నుండి వేలం దాకా. అంగడి లెక్క నెలకు ఒకసారి, సరుకు నిల్వ చూసిన తరువాత. గొర్రెల లెక్క ఏడాదికి. గొర్రెల విషయంలో రూపాయల కంటే ముందు తలలు లెక్కపెట్టాలి. మన జిల్లా పేరు మోసే నెల్లూరు జాతి గొర్రెలు దేశంలోకెల్లా ఎత్తయినవి. పల్ల, జోడిపి, దోర అని అందులో రకాలు. మందలో మొదట 20 ఉండి, 14 పిల్లలు పుట్టి, 3 చనిపోయి, 9 అమ్మితే, చివర 22 ఉండాలి. పెరిగిన రెండు తలలూ రాబడే. చనిపోయిన మూడూ నష్టమే, జేబులోంచి రూపాయి పోకపోయినా సరే.

కాగితాలకు ఐదు సంచులు

లెక్క పుస్తకం ఒకటి చాలు. కాగితాలకు మాత్రం ఐదు సంచులు కావాలి. ఖాళీ దాణా సంచిని కత్తిరించి కుట్టుకున్నా సరిపోతుంది. చెదలు, వాన తగలని చోట కొయ్యకు తగిలించండి.

పాడి సంచి: సంఘం పాసుపుస్తకం, పాల చీటీలు, గేదె కొన్న రశీదు, బీమా పాలసీ, టీకాల వివరాలు, పశు రుణ పత్రాలు. ప్రతి పశువు చెవిపోగు మీద ఉన్న 12 అంకెల సంఖ్యను ఒక అట్ట మీద రాసి ఇందులోనే ఉంచాలి.

పొలం సంచి: పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, 1బి నకళ్లు, విత్తనాల, ఎరువుల బిల్లులు, బ్యారన్ కాగితాలు, వేలం చీటీలు, పంట రుణం కాగితాలు.

గొర్రెల సంచి: కొనుగోలు, అమ్మకం చీటీలు, మందుల బిల్లులు, బీమా ఉంటే ఆ పత్రాలు.

అంగడి సంచి: లైసెన్సులు, సరుకు బిల్లులు, అరువు పుస్తకం, కరెంటు బిల్లులు.

ఇంటి సంచి: ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకాలు, జీవిత బీమా, పిల్లల సర్టిఫికెట్లు.

బీమా విషయం ప్రత్యేకంగా చెప్పాలి. బీమా చేసిన పశువు చనిపోతే కంపెనీ మొదట అడిగేది చెవిపోగు. పోగు ఊడిపోయి ఉంటే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. కాబట్టి పోగు ఊడిన రోజే పశువైద్యునికీ, బీమా వారికీ తెలిపి కొత్తది వేయించుకోవాలి. పశువు చనిపోతే పూడ్చక ముందే కబురు చేసి, శవపరీక్ష పత్రం తీసుకోవాలి. గేదె పోయిన దుఃఖంలో ట్రంకుపెట్టె అంతా తిరగవేయడం ఎవరి వల్లా కాదు. సంచి ఉంటే పిల్లవాడైనా తీసి ఇస్తాడు.

అప్పును దాని పనికే కట్టివేయండి

అప్పు ఏ పని కోసం తెచ్చారో ఆ పేజీలోనే రాయాలి. గేదె అప్పుతో అంగడి సరుకు కొంటే గేదె కిస్తీ అంగడి కట్టాలి. అది రాయకపోతే కిస్తీ భారమంతా గేదె మీద పడి, మంచి పశువు కూడా నష్టపు పశువుగా కనబడుతుంది.

కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో పంటల కోసం వచ్చింది. 2018-19లో దానిని పశుపోషకులకూ వర్తింపజేశారు. స్వల్పకాలిక రుణం గడువులోగా చెల్లించిన వారికి వడ్డీలో రాయితీ ఉంటుంది, గడువు దాటితే ఆ లాభం పోతుంది. అందుచేత పుస్తకం మొదటి పేజీలో ఇంటి అప్పులన్నీ, ఎవరికి, ఎంత, ఏ పనికి, గడువు తేదీ ఏది అని నాలుగు గళ్లలో రాసి ఉంచండి. బీమా గడువు తేదీలు కూడా ఆ పేజీలోనే ఉండాలి.

ఇంకొక మాట. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో పంట మీద ఆదాయం వ్యవసాయ ఆదాయం. పాల ఆదాయం, అంగడి ఆదాయం ఆ కోవలోకి రావు. చిన్న రైతుకు దీనితో వెంటనే పని పడకపోవచ్చు. కాని బ్యాంకు పెద్ద రుణానికి లెక్కలు అడిగినప్పుడు, పని పెరిగినప్పుడు, విడిగా రాసిన లెక్కే అక్కరకు వస్తుంది.

ఎవరు రాయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

గేదెకు మేత వేసేదీ, పాలు పితికేదీ చాలా ఇళ్లలో ఆడవారే. పాల బిల్లు ఎటు పోయిందో మాత్రం వారికి తెలియదు. కాబట్టి పుస్తకం రాసేటప్పుడు భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి. రాయడం రాకపోతే బడికి వెళ్లే పిల్లల చేత రాయించవచ్చు. సాయంత్రం పాలు పోసి వచ్చిన తరువాత పది నిమిషాలు చాలు. నోటి లెక్క నీటి మూట వంటిది, తెల్లవారేసరికి ఉండదు.

ఒకేసారి అన్నీ మొదలుపెట్టకండి. మొదటి నెల పాడి పేజీ ఒక్కటే రాయండి. ఇంట్లోని పనులన్నిటిలో, మనం అడగకుండానే, పూటపూటకూ కొలత, వెన్న శాతం, వెల రాసి చీటీ ఇచ్చేది పాల సంఘమే. ఆ చీటీలు పారవేయకుండా దాచితే సగం లెక్క సిద్ధమైనట్లే. రెండవ నెల అంగడి, ఆ తరువాత పొలం, గొర్రెలు చేర్చండి.

పాఠం మననం చేసుకోవడానికి ప్రశ్నలు:

1. గత నెల పాల బిల్లులో పశువుల కోసం ఖర్చయినది ఎంత? ఇతర పనులకు పోయినది ఎంత?
2. ఇంట్లో తాగిన పాలకు, పొలానికి తోలిన పెంటకు వెల కట్టారా?
3. మీ ప్రతి పశువు చెవిపోగు సంఖ్య రాసి ఉన్నదా? బీమా గడువు ఎప్పుడు?
4. ఇప్పుడున్న అప్పుల్లో, తెచ్చిన పనికి కాక వేరే పనికి వాడినది ఏది?

వీటికి జవాబులు రాసి, వచ్చే సభ్యుల సమావేశంలో మీ కార్యదర్శితో కూర్చుని సరిచూసుకోండి. సంఘం పుస్తకానికీ మీ ఇంటి పుస్తకానికీ పాల లెక్క సరిపోవాలి. సరిపోకపోతే ఆ రోజే అడగండి. అది సభ్యుని హక్కు.